ఇంట చేసిన తేమ సూచిక బోర్డులో షార్టు: కనిపెట్టు విధము

బోరు క్రింద ఆరుతడి పైరులు వేయు రైతులలో కొందరు, ముఖ్యముగా ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చదివి సేద్యమునకు వచ్చిన యువకులు, నేలలో తేమ ఉన్నదీ లేనిదీ దీపము వెలిగించి చెప్పు చిన్న బోర్డులను ఇంటనే తయారు చేసికొనుచున్నారు. ఇది మెచ్చదగిన పని. కోయంబత్తూరులోని చెరకు ప్రజనన సంస్థవారు రూపొందించిన నేల తేమ సూచిక నీలము, ఆకుపచ్చ, నారింజ, ఎరుపు దీపములతో తేమ మట్టమును చూపును. అట్టిదానిని చూచి, రెండు దీపములతోనైనను తమకొకటి చేసికొనవలెనని రైతులకు తోచుట సహజమే.

ఈ బోర్డులు చేసినవారు మమ్ము తరచుగా అడుగు ప్రశ్నలు రెండు. బ్యాటరీ తగిలించగానే ఫ్యూజు పోయినది, లేక వైరు కాలినది, ఏమి చేయవలెనని ఒకటి. నేల పొడిబారినను పచ్చ దీపమే వెలుగుచున్నది, ఎందువలనని రెండవది. ఇవి వేరు వేరు జబ్బులవలె కన్పట్టును గాని మూలము ఒక్కటే. కరెంటు పోగూడని దారిని పోవుచున్నది. మొదటిదానిలో పొగయో వాసనయో వచ్చి విషయము తెలిసిపోవును. రెండవది చప్పుడు చేయక పైరును ఎండబెట్టును. కావున రెండవదానినే ఎక్కువ ప్రమాదకరమైనదిగా నేను ఎంచుదును.

ముందుగా ఒక హద్దు చెప్పవలసియున్నది. ఈ వ్యాసము 12 వోల్టుల బ్యాటరీతో పనిచేయు బోర్డులకు మాత్రమే వర్తించును. మోటారు స్టార్టరులో ఉండునది 415 వోల్టుల మూడు ఫేజుల కరెంటు. దానిలో షార్టును వెదకుట లైసెన్సు గల ఎలక్ట్రీషియను పని. ఇచట చెప్పిన పద్ధతులను అక్కడ ప్రయోగింపరాదు.

బోర్డులో ఏమి ఉండును?

సాధారణముగా రైతులు చేయు బోర్డు ఇట్లుండును. మందు కొట్టు బ్యాటరీ స్ప్రేయరు నుండి తీసిన 12 వోల్టుల బ్యాటరీ. దాని ప్లస్ నుండి 1ఎన్ 4007 డయోడు, ఒక 100 మైక్రోఫారడ్ కెపాసిటరు, తరువాత 7805 అను మూడు కాళ్ల రెగ్యులేటరు. ఇది 12 వోల్టులను 5 వోల్టులకు దించును. ఆ 5 వోల్టులు ఎల్‌ఎం 358 అను ఎనిమిది కాళ్ల ఐసీకి పోవును. అదే 5 వోల్టుల నుండి 47 కిలో ఓముల రెసిస్టరు ద్వారా ఒక తీగ పొలములోని మొదటి కడ్డీకి పోవును. రెండవ కడ్డీ బ్యాటరీ మైనస్‌కు కలిసియుండును. నేల తడిగా నున్నపుడు కడ్డీల నడుమ కరెంటు సులభముగా పారును. అపుడు మొదటి కడ్డీ తీగపై వోల్టేజి పడిపోవును. ఐసీ దానిని గుర్తించి పచ్చ దీపము వెలిగించును. నేల ఆరినకొలది వోల్టేజి పెరిగి, మీరు తిప్పి పెట్టిన గుర్తును దాటగానే ఎర్ర దీపము వెలుగును.

ఈ బోర్డు అంతయు కలిసి త్రాగు కరెంటు 15 మిల్లీఆంపియర్లకు మించదు. ఈ సంఖ్యను గుర్తుంచుకొనుడు. ఇక స్ప్రేయరు బ్యాటరీని దగ్గరి దారిలో కలిపినచో అది పదుల ఆంపియర్ల కరెంటును ఒక్కసారిగా వదలును. పన్నెండు వోల్టులు మనిషికి షాకు కొట్టవు గదా అని కొందరు నిర్లక్ష్యముగా ఉందురు. షాకు కొట్టకపోవచ్చును, కాని సన్నని వైరు క్షణములో ఎర్రగా కాలి దాని తొడుగు అంటుకొనును. ప్రత్తి నిలువ చేసిన గదిలోను, గడ్డివామి చెంతను ఈ పని పెట్టుకొనరాదు. చేతి ఉంగరము, లోహపు గడియారపు గొలుసు తీసివేసి కూర్చొనవలెను.

షార్టు అనగా ఏమో రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. కాలువకు తల దగ్గర గండి పడినచో నీరంతయు అటే పోవును, చివరి మడికి చుక్క అందదు, గండి దగ్గర గట్టు కోసికొనిపోవును. బోర్డుపై రాగి దారులు కాలువలు. ప్లస్ దారికి, మైనస్ దారికి నడుమ గండి పడుటయే షార్టు. పెద్ద గండి వెంటనే కంటబడును. గట్టులోని ఎలుక బొరియ ద్వారా ఊరు నీరు కంటబడదు. ఈ రెండవ రకము సంగతి తరువాత చెప్పెదను.

ఫ్యూజు పోయినపుడు

ఫ్యూజు పోగానే ఇంకొక ఫ్యూజు వేసి చూచుట, అది కూడ పోయినచో దాని స్థానములో రాగి తీగ చుట్టుట మన పల్లెలలో అలవాటు. ఈ అలవాటును ఎంత ఖండించినను తక్కువే. ఫ్యూజు పోవుట జబ్బు కాదు, జబ్బు ఉన్నదను కబురు. కబురు తెచ్చినవానిని మార్చిన ప్రయోజనమేమి?

ఫ్యూజుకు బదులు, వెదకుచున్నంతసేపు, బ్యాటరీ ప్లస్‌కు బోర్డుకు నడుమ ఒక చిన్న బల్బును వరుసలో కలుపుడు. మోటారు సైకిలు మీటరులో ఉండు 12 వోల్టుల 3 వాట్ల బల్బు దీనికి చాలును. బోర్డు సరిగా నున్నచో 15 మిల్లీఆంపియర్లకు ఆ బల్బు వెలుగదు. బోర్డులో షార్టు ఉన్నచో బల్బు వెలుగును గాని, ఎంత షార్టైనను పావు ఆంపియరుకు మించి పోనీయదు. దీనితో బోర్డు కాలకుండ కాపాడబడును, షార్టు పోయినదీ లేనిదీ బల్బే చెప్పును. ఎలక్ట్రీషియన్లు ఇంటి కరెంటుకు వాడు సీరీస్ దీపము ఉపాయమే ఇది.

ఇపుడు బ్యాటరీ తీసివేసి బోర్డును పగటి వెలుతురులో చూడుడు. భూతద్దము ఉండిన మంచిది. సెల్‌ఫోను కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసి చూచినను సరిపోవును. ఇంట చేసిన బోర్డులలో షార్టు ఎక్కువగా సోల్డరు వలననే కలుగును. ఐసీ కాళ్లు ఒకదానికొకటి 2.54 మిల్లీమీటర్ల దూరములో నుండును. వాని చుట్టు రాగి బిళ్లలు పోగా మిగులు సందు ఒక మిల్లీమీటరు కూడ ఉండదు. అక్కడ సోల్డరు ఒక బొట్టు ఎక్కువైనచో రెండు కాళ్లను కలిపివేయును. రెగ్యులేటరు మూడు కాళ్ల దగ్గర కూడ ఇదే ప్రమాదము. 7805 పై అక్షరములు మీకు ఎదురుగా నున్నపుడు ఎడమది లోనికి వచ్చు కాలు, నడుమది మైనస్, కుడిది 5 వోల్టులు. నడుమ కాలు ప్రక్క కాళ్లలో దేనితో కలిసినను షార్టే. దాని వెనుకనున్న లోహపు రేకు కూడ మైనస్‌కే కలిసియుండునని మరువరాదు. రేకు పెట్టెలో బిగించినపుడు ఆ పెట్టెకు ఎక్కడనో ప్లస్ వైరు తగిలియున్నచో, బోర్డులో ఏ తప్పు లేకున్నను షార్టు వచ్చును.

తరువాత చూడవలసినవి రాగి వెండ్రుకలు. ఫెర్రిక్ క్లోరైడు ద్రావణములో బోర్డును చాలినంతసేపు ఉంచకున్నను, ఇస్త్రీ పెట్టెతో అచ్చు వేయునపుడు నల్లరంగు చెదరినను, రెండు దారుల నడుమ వెండ్రుకవంటి రాగి పోగు మిగిలిపోవును. ఫైబరు బోర్డును సూర్యుని వైపు ఎత్తి పట్టి చూచినచో వెలుతురు అవతలినుండి వచ్చి ఆ పోగు నల్లని గీతవలె కన్పట్టును. పాత బ్లేడుతో దానిని గీకివేయవలెను. కత్తిరించిన కాలి ముక్కలు బోర్డు క్రింద చిక్కుకొనుట కూడ కలదు. పాత పండ్ల బ్రష్షుతో రుద్ది, బోర్డును నిలువుగా పట్టి తట్టుడు.

ద్రావణపు మాట వచ్చినది గనుక చెప్పెదను. బోర్డో మిశ్రమము ఇనుప పాత్రలో కలుపరాదని మీకు తెలియును. ఫెర్రిక్ క్లోరైడు విషయములోను అంతే, ప్లాస్టిక్ పాత్రయే వాడవలెను. వాడిన ద్రావణములో రాగి కరిగియుండును. దానిని పంట కాలువలో గాని, పశువులు త్రాగు తొట్టి దగ్గర గాని పారబోయరాదు.

ఇంకొక తప్పు మొదటిసారి చేయువారికి తరచు జరుగును. అచ్చు వేయునపుడు బొమ్మ అద్దములో చూచినట్లు తిరుగబడి పడవలసియుండగా నేరుగా వేయుదురు. అపుడు రాగిపై బొమ్మ తలక్రిందులై, ఐసీకి 5 వోల్టులు పోవలసిన ఎనిమిదవ కాలికి బదులు వేరొక కాలికి పోవును. అట్టి బోర్డులో ఏ సోల్డరు బొట్టూ కనబడదు, ఐసీ మాత్రము చేయి పెట్టలేనంత వేడెక్కును. దీనికి మరమ్మతు లేదు. బోర్డు మరల చేయవలసినదే. కెపాసిటరు ప్లస్ మైనస్‌లు తారుమారైనను అది వేడెక్కి ఉబ్బును, ఒక్కొక్కసారి పేలును. కెపాసిటరు పైని గీత మైనస్ వైపునకు గుర్తు.

మీటరుతో వెదకుట

కంటికి ఏమియు కనబడనిచో మల్టీమీటరు తీయవలెను. కరెంటు ఉన్న బోర్డుపై ఓముల కొలత తీయరాదు. కావున బ్యాటరీ తొలగించిన పిదపనే మొదలుపెట్టుడు.

ఇక్కడ చాలమంది మోసపోవుచుందురు. బ్యాటరీ తీగల రెండు కొనలకు మీటరు పెట్టి చూచి, షార్టు ఏమియు లేదని తృప్తిపడుదురు. ప్లస్ దారిలో డయోడు ఉన్నదను సంగతి మరచుటయే దీనికి కారణము. మీటరు తక్కువ ఓముల కొలతలో పంపు కొద్ది వోల్టేజికి డయోడు తెరచుకొనదు. కావున దాని అవతలనున్న షార్టు మీటరుకు కనబడదు. మీటరు ముల్లును డయోడు దాటిన తరువాత, అనగా రెగ్యులేటరు ఎడమ కాలిపై పెట్టి, రెండవ ముల్లును మైనస్‌పై పెట్టి చూడవలెను. ఆ తరువాత కుడి కాలికి మైనస్‌కు నడుమ కూడ చూడవలెను. మంచి బోర్డులో ఇచట వందలు లేక వేల ఓములు చూపును. షార్టు ఉన్నచో ఒకటి రెండు ఓములకు మించదు. కెపాసిటరు నిండుచుండుట వలన మొదట తక్కువ చూపి క్రమముగా పెరుగుచున్నచో అది షార్టు కాదు, కొంచెము ఆగి చూడుడు. బజరు మోగినంత మాత్రమున కూడ షార్టని నిర్ణయింపరాదు. అనేక మీటర్లలో 30 ఓములు ఉన్నను బజరు మోగును. అంకెను చదువుడు.

12 వోల్టుల వైపు గండియా, 5 వోల్టుల వైపు గండియా అని దీనితో తేలును. ఇక మిగిలినది సగము చేసి వెదకుట. పొలములో భూమి లోపలి పైపులైను ఎక్కడ కారుచున్నదో తెలియనపుడు మీరు ఏమి చేయుదురు? నడుమనున్న వాల్వు కట్టి, కారుట ఆగినదా లేదా చూతురు. ఆగినచో తప్పు వాల్వు అవతల, ఆగకున్న ఇవతల. బోర్డులోను అట్లే చేయవలెను. ఐసీని సాకెట్టులో పెట్టియున్నచో ముందు దానిని ఊడదీయుడు. షార్టు పోయినచో ఐసీయే చెడినది. పోనిచో రెగ్యులేటరు కుడి కాలిని సోల్డరు నుండి పైకెత్తుడు. ఆపైన అవసరమైనచో 5 వోల్టుల దారిని నడుమ ఒక సన్నని చోట బ్లేడుతో కోసి రెండు ప్రక్కలను కొలువుడు. కోసిన దారిని తరువాత సోల్డరుతో కలుపవచ్చును. ఐసీని నేరుగా సోల్డరు చేసినవారికి ఈ వెదకుట మూడింతలు కష్టము. పది రూపాయల లోపు దొరకు సాకెట్టును ఎందుకు మానుదురో నాకు అర్థము కాదు.

కోయుటకు మనసొప్పనివారికి ఇంకొక మంచి పద్ధతి కలదు. ముందు చెప్పిన బల్బును వరుసలో ఉంచి బ్యాటరీ కలుపుడు. బల్బు వెలుగుచుండగా, మీటరును 200 మిల్లీవోల్టుల కొలతలో పెట్టి, నల్ల ముల్లును బోర్డుపై మైనస్ తీగ వచ్చి చేరు చోట నిలిపి, ఎర్ర ముల్లుతో షార్టు ఉన్న ప్లస్ దారి వెంబడి నడువుడు. ఒక మిల్లీమీటరు వెడల్పు గల రాగి దారిలో పావు ఆంపియరు పారుచున్నపుడు సెంటీమీటరుకు సుమారు ఒక మిల్లీవోల్టు తగ్గును. గండిని సమీపించుకొలది అంకె తగ్గుచు పోవును. గండిని దాటిన పిదప ఎంత దూరము పోయినను అంకె మారదు, ఏలనన అటు కరెంటు పారుటయే లేదు. అంకె తగ్గుట ఎక్కడ ఆగినదో అక్కడనే బ్లేడు పెట్టుడు. గండికి ముందు కాలువలో నీరు ఉరవడిగా పారుటయు, గండి దాటిన తరువాత నిలిచియుండుటయు మీరు చూచినదే గదా.

పొగ రాని షార్టు

ఒక ఎర్ర నేలలో బోరు క్రింద రబీ వేరుసెనగ వేసిన యువ రైతు తన బోర్డును పట్టుకొని మా వద్దకు వచ్చెను. ఊడలు దిగు దశలో తొమ్మిది రోజులపాటు పచ్చ దీపము వెలుగుచునే యుండుటచే అతడు తడి పెట్టలేదు. ఆకులు మధ్యాహ్నపు వేళ ముడుచుకొనుట చూచి, ఎండ వేడికని అనుకొనెను. నేల గట్టిపడి ఊడలు దిగక నిలిచిపోయినవి. వేరుసెనగకు పూత, ఊడలు దిగుట, కాయ ఊరుట అను దశలలో తేమ తగ్గుట ఎంత నష్టమో మీకు చెప్పనక్కరలేదు. బోర్డులో ఏ భాగమూ కాలలేదు, ఫ్యూజు పోలేదు. మొదటి కడ్డీ దారికి మైనస్ దారికి నడుమ సోల్డరు మైనము గోధుమరంగుగా పేరుకొని, దానికి రాత్రి మంచు తగిలి చెమ్మ పట్టియుండెను, అంతే.

ఆలోచించి చూడుడు. ఈ బోర్డు చేయు పని అంతయు రెండు కడ్డీల నడుమ కరెంటు ఎంత సులభముగా పారునో చూచుటయే. ఆ పారుట నేల ద్వారా జరిగినదా, బోర్డుపై మురికి ద్వారా జరిగినదా అను భేదము దానికి తెలియదు. ప్లస్ మైనస్‌ల నడుమ 30 కిలో ఓముల కారుదల ఉన్నను బ్యాటరీకి లెక్కలోనికి రాదు. అదే కారుదల కడ్డీ దారిలో ఉన్నచో తడి నేలతో సమానము. తక్కిన బోర్డులలో క్షమింపదగిన తప్పు ఈ బోర్డులో పంటను తీయును.

దీనిని పరీక్షించుటకు ఓముల కొలత పనికిరాదు. 47 కిలో ఓముల రెసిస్టరు, తిప్పుడు రెసిస్టరు కలిసి మంచి బోర్డులోను కొంత దారి చూపుచునేయుండును. అందుచే వోల్టేజి చూడవలెను. కడ్డీలను నేలనుండి తీసి, తుడిచి, ఒకదానికొకటి తగులకుండ గాలిలో వ్రేలాడదీయుడు. ఎర్ర దీపము వెలుగవలెను. మీటరుతో మొదటి కడ్డీ దారికి మైనస్‌కు నడుమ చూచిన 5 వోల్టులకు అతి దగ్గరగా ఉండవలెను. మూడో రెండో వోల్టులు చూపినచో కారుదల ఉన్నదన్నమాట. రెండు వోల్టులు చూపినచో కారుదల సుమారు 31 కిలో ఓములు. అపుడు కడ్డీల కేబులును బోర్డు దగ్గర విప్పుడు. వోల్టేజి 5 కు పెరిగినచో తప్పు కేబులులో ఉన్నది. ఎలుక కొరికినదో, పార తగిలినదో, అతుకు వేసిన చోట టేపు వదులైనదో చూడుడు. పెరుగనిచో తప్పు బోర్డులోనే.

పగలు ఎండలో ఈ పరీక్షకు నిలిచిన బోర్డు తెల్లవారుజామున తప్పు చూపుట కలదు. దానిని పట్టుకొనుటకు, మీటరు కలిపియుండగా బోర్డుపై నోటితో వెచ్చని ఊపిరి గట్టిగా వదలుడు. మంచి బోర్డులో అంకె కదలదు. మురికి బోర్డులో అంకె తటాలున పడి, తరువాత మెల్లగా లేచును.

అట్టి బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన బ్రష్షుతో సోల్డరు వైపు అంతయు రుద్ది, శుభ్రమైన గుడ్డతో అద్ది, రెండు మూడు గంటలు ఎండలో ఆరబెట్టవలెను. ఊపిరి పరీక్ష మరల చేసి, నిలిచిన తరువాతనే మోటారు వైండింగు షాపులలో వాడు వార్నిషును సోల్డరు వైపు పలుచగా పూయవలెను. మురికిపై వార్నిషు పూసినచో చెమ్మ లోపలనే చిక్కి జబ్బు శాశ్వతమగును. పెట్టెకు తీగలు క్రింది వైపునుండి రావలెను, వచ్చుటకు ముందు ఒక వంపు తిరుగవలెను. లేనిచో వాన నీరు తీగ వెంబడి లోనికి దిగును. రంధ్రమును ఎం-సీల్ ముద్దతో మూయుడు. స్టార్టరు పెట్టెలలో చీమలు, బల్లులు చేయు ఉపద్రవము ఎరిగినవారికి ఇది ఎందుకో వివరింపనక్కరలేదు.

చవుడు నేలలోను, ఎరువు వేసి తడి పెట్టిన కొలది రోజులకును, ఉప్పులు కరెంటును సులభముగా పారించును గనుక ఏ తప్పు లేని బోర్డు కూడ ఎక్కువ తడి చూపును. ఇది షార్టు కాదు, బోర్డును మరమ్మతు చేసి ప్రయోజనము లేదు. అట్టిచోట ఈ రకపు సూచికను నమ్మరాదు.

కడ్డీలకు కరెంటు ఎల్లవేళల పారుచున్నచో అవి తుప్పుపట్టి కొలత మారిపోవును. తుప్పుపట్టని ఉక్కు కడ్డీలు వాడి, చూచునపుడు మాత్రమే ఒక నొక్కుడు స్విచ్చి ద్వారా కరెంటు ఇచ్చుట మేలు. వారమునకొకసారి కడ్డీలను తీసి గాలిలో ఎర్ర దీపము, బోరు నీటి గ్లాసులో ముంచి పచ్చ దీపము వచ్చుచున్నవో లేదో చూడుడు. పూత మొదలు కాయ ఊరువరకు దీనిని రెండు రోజులకొకసారి చేయవలెను. ఆ దినములలో పచ్చ దీపము వెలుగుచున్నను, కడ్డీల ప్రక్కనే 15 సెంటీమీటర్ల లోతునుండి గుప్పెడు మట్టి తీసి పిసికి చూడుడు. ఉండ కట్టక పొడిగా రాలినచో దీపము మాట అటుంచి ఆనాడే తడి పెట్టి, బోర్డును విప్పుడు.